గోడకెక్కిన బ్లూటూత్ పెట్టెకు కొత్త ప్రోగ్రామ్: ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వెనక జరిగేదేమిటి?

2025 జూన్‌లో జర్మనీకి చెందిన ఈఆర్‌ఎన్‌డబ్ల్యూ అనే భద్రతా సంస్థ ఒక విషయం బయటపెట్టింది. ఐరోహా కంపెనీ బ్లూటూత్ చిప్‌లు వాడిన కొన్ని ఇయర్‌ఫోన్లు, హెడ్‌ఫోన్లలో లోపాలున్నాయని, బ్లూటూత్ అందేంత దూరంలో నిలబడ్డ అపరిచితుడు పెయిరింగ్ లేకుండానే వాటి మెమరీలోకి చూడగలడని, అందులో రాయగలడని చెప్పింది. సోనీ, బోస్, జేబీఎల్, మార్షల్ లాంటి పేరున్న బ్రాండ్ల మోడళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. చిప్ తయారీదారు దిద్దుబాటు ఆ నెలలోనే ఇచ్చాడు. కానీ అది మన చెవిలో ఉన్న పరికరానికి రావాలంటే ఇంకా చాలామంది చేతులు మారాలి. ఇయర్‌ఫోన్ కంపెనీ దాన్ని తన ప్రోగ్రామ్‌లో కలపాలి, పరీక్షించాలి, తన యాప్‌లో పెట్టాలి. ఆ యాప్ మన ఫోన్‌లో ఉండాలి. చివరికి "కొత్త ఫర్మ్‌వేర్ సిద్ధంగా ఉంది" అన్న సందేశాన్ని మనం నొక్కాలి.

ఆ వార్త వచ్చినప్పటి నుంచి తెలిసినవాళ్లు అడుగుతూనే ఉన్నారు: నొక్కాలా, వద్దా? నొక్కాక మధ్యలో ఆగిపోతే వస్తువు పాడైపోతుందా? అసలు వైరు లేకుండా ఇదంతా ఎలా జరుగుతుంది? నాకు ఈ ప్రశ్నలు కొత్త కావు. విశాఖ చుట్టుపక్కల రొయ్యలు, చేపలు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత రాసిపెట్టుకునే చిన్న బ్లూటూత్ పెట్టెలకు ప్రోగ్రామ్ రాసే పని కొన్నేళ్లు చేశాను. ఇయర్‌ఫోన్‌కైనా ఆ పెట్టెకైనా అప్‌డేట్ జరిగే పద్ధతి ఒక్కటే. ఆ పెట్టెల్లో కష్టం ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి వాటినే ఉదాహరణగా తీసుకుంటాను.

ఫర్మ్‌వేర్ ఏమిటి, "ఫీల్డ్" ఎక్కడ

ఫోన్‌లో యాప్‌లు వేరు, వాటి కింద ఆండ్రాయిడ్ వేరు. చిన్న పరికరంలో ఆ తేడా ఉండదు. రేడియోను నడిపేది, సెన్సర్‌ను చదివేది, లైటును మిణుకుమనిపించేది అంతా కలిపి ఒకే ప్రోగ్రామ్. చిప్‌లోని ఫ్లాష్ మెమరీలో అది శాశ్వతంగా ఉంటుంది, కరెంటు పోయినా చెరగదు. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు.

ఫ్యాక్టరీలో దాన్ని ఎక్కించడం తేలిక. సర్క్యూట్ బోర్డు మీద నాలుగు రాగి చుక్కలు ఉంటాయి. వాటి మీద నాలుగు సూదులు ఆనించి, కంప్యూటర్ నుంచి కొన్ని సెకన్లలో రాసేస్తారు. తరవాత డబ్బా మూసి, నీరు చొరకుండా సీలు వేస్తారు. ఆ క్షణం నుంచి ఆ నాలుగు చుక్కలు ఎవరికీ అందవు. డబ్బా ఫిషింగ్ హార్బర్ దగ్గరి ఐస్ ప్లాంటుకు పోవచ్చు, గాజువాకలో ఏదో మందుల గోడౌన్‌కు పోవచ్చు, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో రోగి మంచం పక్కకు పోవచ్చు. "ఫీల్డ్‌లో ఉంది" అంటే ఇదే: వస్తువు చెయ్యిదాటింది, అమ్మినవాడికీ దానికీ మధ్య మిగిలిన దారి రేడియో ఒక్కటే.

మనం ఇక్కడ మాట్లాడుకునేది ఎక్కువగా బ్లూటూత్ లో ఎనర్జీ గురించి. 2010లో బ్లూటూత్ 4.0తో వచ్చింది. చిన్న బ్యాటరీ మీద నెలలు, ఏళ్లు నడవాలన్నది దాని లక్ష్యం. ఒక ఉష్ణోగ్రత అంకె, ఒక నాడి లెక్క లాంటి చిన్న ముక్కలు పంపడానికి పుట్టింది. దానిమీద లక్షల బైట్ల ప్రోగ్రామ్‌ను మోయించడమంటే స్కూటీ మీద బియ్యం బస్తాలు తరలించినట్టే. అవుతుంది, కానీ లెక్క తెలిసి చేయాలి.

రెండు లక్షల బైట్లు, ఇరవయ్యేసి చొప్పున

ఫర్మ్‌వేర్ 200 కిలోబైట్లు అనుకుందాం. అంటే 2,04,800 బైట్లు. పాత బ్లూటూత్ లో ఎనర్జీలో మామూలుగా ఒక్కో విడతలో పంపగలిగే అసలు సరుకు 20 బైట్లే. కాబట్టి 10,240 ముక్కలు.

ఫోన్, పెట్టె నిరంతరం మాట్లాడుకోవు. ఒప్పుకున్న సమయానికి రెండూ లేచి, మాట్లాడుకుని, మళ్లీ పడుకుంటాయి. ఆ వ్యవధి 30 మిల్లీసెకన్లు అనుకోండి. ప్రతి ముక్కకూ "అందింది" అని జవాబు వచ్చాకే తరవాతిది పంపితే, సాధారణంగా ఒక ముక్కకు రెండు వ్యవధులు పడతాయి. మొత్తం 614 సెకన్లు, పది నిమిషాలు దాటుతుంది. జవాబు అడగకుండా ఒక్కో వ్యవధికి ఒక్కో ముక్క పంపితే 307 సెకన్లు. వ్యవధికి నాలుగేసి పంపితే 77 సెకన్లు.

2014 చివర్లో వచ్చిన బ్లూటూత్ 4.2 ఒక్కో ప్యాకెట్ మోయగలిగే బరువును 27 బైట్ల నుంచి 251కి పెంచింది. ప్యాకెట్ ముందు తగిలించే హెడర్ సమాచారం అంతా తీసేస్తే 244 బైట్లు చేతికొస్తాయి. అదే ఫర్మ్‌వేర్ ఇప్పుడు 840 ముక్కలే. వ్యవధికి ఒకటి పంపినా 25 సెకన్లు, నాలుగు పంపితే ఆరు సెకన్ల పైచిలుకు. ఇంత వేగం వచ్చాక ఇంకో అడ్డు బయటపడుతుంది. ఫ్లాష్ మెమరీలో కొత్తది రాయాలంటే ముందు పాతది చెరపాలి. చెరపడం పేజీల లెక్కన జరుగుతుంది. కొన్ని వాడుక చిప్‌లలో పేజీ 4 కిలోబైట్లు, ఒక పేజీ చెరపడానికి సుమారు 85 మిల్లీసెకన్లు. యాభై పేజీలకు నాలుగు సెకన్లు. ఆ 85 మిల్లీసెకన్లలో చిప్ ఇంకో పని చేయలేకపోతే, ఫోన్ పిలిచినప్పుడు పలకదు. ఇలా వరసగా పలక్కపోతే ఫోన్ కనెక్షన్ తెంపేస్తుంది. అందుకే చెరపడాన్ని రెండు సంభాషణల మధ్య ఖాళీల్లో సర్దాలి.

ఒక్క పెట్టె సంగతి ఇది. మూడు వందల పెట్టెలైతే? ఒక్కోదానికి ఐదు నిమిషాల బదిలీ, దాని దగ్గరికి వెళ్లి వెతికి పట్టుకోవడానికి రెండు నిమిషాలు. మొత్తం 35 గంటలు. బదిలీని 30 సెకన్లకు తగ్గించినా పన్నెండున్నర గంటలు మిగిలే ఉంటాయి. అందులో పది గంటలు నడకే, నిచ్చెన ఎక్కడమే. చిప్ కంపెనీల కరపత్రాల్లో వేగం గురించే రాస్తారు. ఫీల్డ్‌లో పనిచేసేవాళ్లు మాత్రం "ఆ పెట్టె ఏ ర్యాక్ వెనక ఉంది?" అని అడుగుతారు.

పాతది చెరిగి, కొత్తది రాకముందు

ఒక ప్రోగ్రామ్ తనను తానే చెరుపుకుంటూ కొత్తదాన్ని రాసుకోలేదు. నిలబడ్డ కొమ్మను నరుక్కున్నట్టు అవుతుంది. అందుకని మెమరీలో ఒక మూల వేరే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. దాని పేరు బూట్‌లోడర్. పరికరం ఆన్ అవగానే ముందు లేచేది అదే. "అసలు ప్రోగ్రామ్ సరిగ్గా ఉందా?" అని చూసి, ఉంటే దానికి పగ్గాలు అప్పగిస్తుంది. లేకపోతే తానే ఆగి, కొత్తదాని కోసం ఎదురుచూస్తుంది.

దీన్ని రెండు విధాలుగా కట్టొచ్చు. మొదటిది ఒకే గది పద్ధతి. పాత ప్రోగ్రామ్‌ను చెరిపేసి, అదే చోట కొత్తది రాస్తారు. మధ్యలో ఆగిపోతే పరికరంలో పనిచేసే ప్రోగ్రామ్ ఏదీ ఉండదు. బూట్‌లోడర్‌కే బ్లూటూత్ మాట్లాడటం వస్తే అది బతికే ఉంటుంది, మళ్లీ మొదటి నుంచి పంపొచ్చు. కానీ అప్పటిదాకా ఆ పెట్టె చేయాల్సిన పని చేయదు. రెండోది రెండు గదుల పద్ధతి. పాతది నడుస్తుండగానే కొత్తది పక్క గదిలోకి దిగుతుంది. పూర్తిగా వచ్చి, సరిచూసుకున్నాకే బూట్‌లోడర్ రెంటినీ మారుస్తుంది. మార్చే మధ్యలో కరెంటు పోయినా ఎక్కడిదాకా వచ్చిందో మెమరీలోనే గుర్తు పెట్టుకుని, తిరిగి లేచాక అక్కణ్నుంచే కొనసాగిస్తుంది. ఎంసీయూబూట్ అనే ఓపెన్ సోర్స్ బూట్‌లోడర్ ఇలాగే చేయగలదు.

రెండు గదులే మేలని ఎవరికైనా అనిపిస్తుంది. మరి అందరూ ఎందుకు కట్టరు? లెక్క చూడండి. చిప్‌లో 512 కిలోబైట్ల ఫ్లాష్ ఉంది. బ్లూటూత్‌ను నడిపే భాగానికి 150, బూట్‌లోడర్‌కు 32, కొలతలు దాచుకోవడానికి 16 పోతే మిగిలేది 314. రెండు గదులు చేస్తే ఒక్కోటి 157. మన ప్రోగ్రామ్ 150 అయితే సరిపోతుంది. ఇంకో రెండు సదుపాయాలు చేర్చి 200 చేశామా, రెండో గది లేదు. బయట ఇంకో మెమరీ చిప్ పెట్టొచ్చు, పెద్ద చిప్ కొనొచ్చు. ఒక్కో పెట్టెకు కొన్ని పదుల రూపాయలు పెరుగుతాయి. వేలల్లో తయారుచేసే చోట ఆ పదులే లక్షలవుతాయి. పైగా ఈ నిర్ణయం మొదటి రోజే తీసుకోవాలి. పెట్టె గోడకెక్కాక మెమరీ పెంచలేం.

మైనస్ 18 డిగ్రీల్లో ఒక బటన్ సెల్

మా పెట్టెల్లో ఒకే గది ఉండేది. ఒకరోజు ఒక కోల్డ్ స్టోరేజీలో పన్నెండు పెట్టెలకు అప్‌డేట్ వేయడానికి వెళ్లాను. లోపల మైనస్ 18 డిగ్రీలు. బయట విశాఖ మే నెల ఉక్క. గ్లవ్స్ వేసుకుంటే ఫోన్ తెర పలకదు, తీస్తే వేళ్లు పలకవు. మొదటి ఏడూ బాగానే అయ్యాయి. ఎనిమిదోది 61 శాతం దగ్గర ఆగింది. పక్కనే నిలబడ్డ సూపర్‌వైజర్ అన్నాడు: "ఏటి బాబూ, మీరు ఫోను పెట్టిందాకా పచ్చలైటు ఎలిగింది గదా. ఇప్పుడు ఆరిపోనాది."

కారణం సాయంత్రానికి దొరికింది. ఆ పెట్టెలో సీఆర్2032 బటన్ సెల్ ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, పేరులోని అంకెలు అవే. అది పెద్ద కరెంటు ఎక్కువసేపు ఇవ్వడానికి తయారైన సెల్ కాదు. మామూలు రోజుల్లో పెట్టె నిమిషానికోసారి లేచి, ఒక కొలత తీసి పడుకుంటుంది. సెల్‌కు శ్రమ ఉండదు. అప్‌డేట్‌లో మాత్రం రేడియో నిమిషాల తరబడి మెలకువగా ఉంటుంది, మధ్యమధ్యలో ఫ్లాష్ చెరుగుతుంది. చలిలో సెల్ లోపలి నిరోధకత పెరుగుతుంది. అందుకని కరెంటు లాగిన ప్రతిసారీ వోల్టేజ్ గుంటలో పడ్డట్టు కిందికి జారి, మళ్లీ లేస్తుంది. ఒకసారి ఆ గుంట చిప్ తట్టుకునే కనిష్ఠం కంటే కిందికి పోయింది. చిప్ రీసెట్ అయింది. పాతది చెరిగింది, కొత్తది సగమే ఉంది.

అప్‌డేట్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ చూసుకోమని మేం రాశాం. అది 2.9 వోల్టులు చూపించింది, అనుమతించింది. కానీ ఆ కొలత సెల్ విశ్రాంతిలో ఉన్నప్పటిది. పడుకున్న మనిషి నాడి చూసి మెట్లెక్కగలడని చెప్పినట్టయింది. తరవాత ఆ పరీక్షను మార్చాం. రేడియోను కాసేపు గట్టిగా నడిపి, ఆ భారం మీద వోల్టేజ్ చూసి, అప్పుడే సరేనంటుంది.

పెట్టెను బయటికి తెచ్చి వేడెక్కాక చేయొచ్చు కదా అని అక్కడి ఎలక్ట్రీషియన్ అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. కానీ మైనస్ 18 నుంచి సముద్రపు గాలిలోకి తెస్తే రెండు నిమిషాల్లో పెట్టె మీద నీళ్లు కారతాయి. మూత సీలు ఏమాత్రం పాతబడ్డా తేమ లోపలికి పోతుంది. పైగా అప్పటిదాకా అది చూడాల్సిన గది ఉష్ణోగ్రతకు రికార్డు ఉండదు. ఎగుమతి సరుకుకు ఆ రికార్డే ప్రాణం. చివరికి యాంటీరూమ్‌లో, తలుపుకూ ఫ్రీజర్‌కూ మధ్య ఉండే చల్లటి గదిలో, కొంతసేపు ఉంచి చేయడం కుదిరింది.

ఇంకో సంగతి: బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు పీల్చుకుంటుంది, లోహం వెనక్కి కొడుతుంది. కోల్డ్ స్టోరేజీ గోడలకు రెండువైపులా లోహపు రేకు, మధ్యలో బోలెడంత తేమ ఉన్న రొయ్యల పెట్టెలు. ఖాళీ గదిలో ముప్పై మీటర్లు పలికిన పెట్టె, సరుకు నిండాక నాలుగు మీటర్లకే మూగబోవడం చూశాను.

చెక్‌సమ్ చేయలేని పని, సంతకం చేసే పని

బైట్లన్నీ వచ్చాయి సరే, సరిగ్గా వచ్చాయని ఎలా తెలుస్తుంది? పాత పద్ధతి చెక్‌సమ్. అన్ని బైట్లనూ ఒక సూత్రంలో వేసి, నాలుగు బైట్ల అంకె ఒకటి తీస్తారు. అటు పంపినవాడి అంకె, ఇటు లెక్కకొచ్చిన అంకె కలిస్తే దారిలో ఏదీ చెడలేదని అర్థం. పొరపాటును ఇది పట్టుకుంటుంది. మోసాన్ని పట్టుకోలేదు. దొంగ తన సొంత ఫర్మ్‌వేర్ రాసి, దానికి తగ్గ చెక్‌సమ్ తనే లెక్కగట్టి పంపితే, పెట్టె సంతోషంగా తీసుకుంటుంది.

అందుకే డిజిటల్ సంతకం కావాలి. తయారీదారు దగ్గర ఒక రహస్య తాళంచెవి ఉంటుంది. దానితో ఫర్మ్‌వేర్‌కు సంతకం చేస్తాడు. ప్రతి పెట్టెలోనూ దానికి జతైన బహిరంగ తాళంచెవి ఉంటుంది. దానితో సంతకాన్ని సరిచూడొచ్చు, కొత్తగా చేయడం మాత్రం సాధ్యం కాదు. చిన్న చిప్‌లలో ఎక్కువగా వాడే పీ-256 పద్ధతిలో సంతకం 64 బైట్లే. రెండు లక్షల బైట్ల పక్కన అదేం బరువు కాదు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. "మా కనెక్షన్‌కు ఎన్‌క్రిప్షన్ ఉంది, పెయిరింగ్ ఉంది, ఇంకా సంతకం ఎందుకు?" అంటారు. ఎన్‌క్రిప్షన్ దారిని కాపాడుతుంది. సంతకం సరుకును కాపాడుతుంది. తెరా మీటలూ లేని చిన్న పరికరాల్లో పెయిరింగ్ ఎక్కువగా ఏ నంబరూ అడక్కుండానే అయిపోతుంది. మొదట వచ్చి తలుపు తట్టినవాడు ఎవరైనా లోపలికి రావచ్చు. రెండూ ఉండటం మంచిదే, కానీ ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే నేను సంతకాన్నే ఎంచుకుంటాను.

అప్‌డేట్ కోసం పెట్టిన తలుపే దొంగకు తలుపు కావచ్చనడానికి 2018 నవంబరులో ఆర్మిస్ సంస్థ బయటపెట్టిన బ్లీడింగ్‌బిట్ లోపాలు మంచి ఉదాహరణ. అందులో ఒకటి టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బ్లూటూత్ చిప్‌లో గాలిలో అప్‌డేట్ తీసుకునే సదుపాయానికి సంబంధించినది. అరూబా వైఫై యాక్సెస్ పాయింట్లలో దానికి పాస్‌వర్డ్ పెట్టారు, కానీ అది అన్ని యూనిట్లలోనూ ఒకటే. ఒక్కచోట దాన్ని పట్టుకున్నవాడు, అదే రకం పరికరం ఎక్కడున్నా తన ఫర్మ్‌వేర్ ఎక్కించగలడు. ఒకే తాళంచెవితో వీధిలో అన్ని ఇళ్లూ తెరుచుకున్నట్టు.

వెనక్కి వెళ్లే దారి ఉండాలా?

ఇక్కడ నిపుణుల మధ్యే నిజమైన అభిప్రాయభేదం ఉంది. కొత్త వెర్షన్‌లో తప్పు దొర్లితే పాతదానికి తిరిగి వెళ్లగలగాలి అంటారు ఫీల్డ్ ఇంజినీర్లు. వెనక్కి వెళ్లనిస్తే దొంగ కూడా అదే పని చేస్తాడు అంటారు భద్రత చూసేవాళ్లు. పాత వెర్షన్‌కూ కంపెనీ సంతకం ఉంది, సంతకం నిజమైనదే. అందులో తెలిసిన లోపం ఉంది. దొంగ ముందు పరికరాన్ని ఆ వెర్షన్‌కు దింపి, తరవాత ఆ లోపంలోంచి దూరతాడు. రెండు వాదనలూ సరైనవే.

రాజీమార్గం ఒకటి వాడుకలో ఉంది. కొత్తది ముందు "పరీక్షలో" నడుస్తుంది. బాగుందని ఖరారు చేసేదాకా, ఒకసారి రీసెట్ అయితే చాలు, పాతది తిరిగొస్తుంది. ఖరారయ్యాక పరికరంలోని ఒక లెక్క ఒక అంకె పెరుగుతుంది. ఆ అంకె కంటే పాతవాటిని ఇక ఒప్పుకోదు. వినడానికి తేలికే. చిక్కంతా "బాగుంది" అని ఎవరు చెప్పాలన్న దాంట్లో ఉంది. ప్రోగ్రామ్ లేవగానే తనే ఖరారు చేసుకుంటే, రేడియో పనిచేయని వెర్షన్ కూడా బాగున్నట్టే లెక్క. అప్పుడు దానికి మళ్లీ అప్‌డేట్ పంపే దారే ఉండదు. అందుకని అప్‌డేట్ పంపిన ఫోన్ తిరిగి కనెక్ట్ అయి, ఒక కొలత చదివితేనే ఖరారు చేయాలి. పది నిమిషాల్లో అది జరక్కపోతే పాతదానికి వెళ్లిపోవాలి. ఫోన్ పట్టుకున్న మనిషి నిచ్చెన దిగిపోకముందే తేలిపోవాలి.

అన్ని పరీక్షలూ నెగ్గిన తప్పు

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆరిపోయిన పెట్టె కాదు. అది ఆరిందని అందరికీ కనిపించింది. అంతకుముందు జరిగిన ఒక అప్‌డేట్‌లో పెట్టెలన్నీ పచ్చలైటుతో నడిచాయి, సంతకం సరిపోయింది. రెండో వారంలో ఒక క్వాలిటీ ఆఫీసర్ తన పాదరస థర్మామీటరు పక్కన పెట్టి చూసి, "మీది అర డిగ్రీ దాకా తేడా చూపిస్తోందండీ" అన్నారు.

జరిగింది ఇది. ప్రతి సెన్సర్‌కూ ఫ్యాక్టరీలో కొలిచి రాసిన ఒక సవరణ అంకె ఉంటుంది. పాత వెర్షన్ దాన్ని డిగ్రీలో పదో వంతుల్లో దాచేది. 5 అంటే 0.5 డిగ్రీ. కొత్త వెర్షన్ నూరో వంతుల్లో చదవడం మొదలుపెట్టింది. అదే 5 ఇప్పుడు 0.05 అయింది. 0.45 డిగ్రీ తేడా. మైనస్ 18 దాటకూడదన్న చోట, నిజంగా మైనస్ 17.6 ఉన్న గదిని మైనస్ 18.05 అని చూపిస్తే రికార్డు అబద్ధమవుతుంది. ప్రోగ్రామ్ మారింది గానీ, పాత ప్రోగ్రామ్ దాచుకున్న సమాచారం అక్కడే ఉండిపోయింది. దానికి వెర్షన్ అంకె పెట్టి, కొత్తది లేచిన మొదటిసారే మార్చుకోవాలి. చెక్‌సమ్‌గానీ సంతకంగానీ ఈ తప్పును పట్టుకోలేవు.

దీనికి చుట్టమైన ఇంకో తికమక వాడేవాళ్లకు బాగా తెలుసు. అప్‌డేట్ అయ్యాక "కనెక్ట్ అవుతోంది, డేటా రావట్లేదు" అంటారు. ఒకసారి పెయిర్ చేసిన పరికరంలో ఏ ఏ సేవలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోన్ గుర్తుపెట్టుకుంటుంది, ప్రతిసారీ అడగదు. కొత్త ఫర్మ్‌వేర్‌లో ఆ అమరిక మారితే ఫోన్ పాత చిరునామాకే వెళ్లి తలుపు తడుతుంది. "అమరిక మారింది" అని పరికరం ఫోన్‌కు చెప్పే ఏర్పాటు బ్లూటూత్‌లోనే ఉంది. దాన్ని సరిగ్గా వాడకపోతే, ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పరికరాన్ని తీసేసి మళ్లీ పెయిర్ చేయడమే గతి.

ఫోన్ గురించే ఇంకో మాట. బ్లూటూత్ పరికరాన్ని వెతకడానికి యాప్ లొకేషన్ ఎందుకు అడుగుతుందని చాలామందికి అనుమానం. చుట్టూ ఉన్న బ్లూటూత్ పరికరాలను బట్టి మనం ఎక్కడున్నామో పసిగట్టొచ్చు కాబట్టి, ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా వెతుకులాటకు లొకేషన్ అనుమతి తప్పనిసరి చేశారు. ఆండ్రాయిడ్ 12లో బ్లూటూత్‌కు వేరే అనుమతులు వచ్చాయి. పాత ఫోన్‌లో అప్‌డేట్ యాప్ లొకేషన్ అడిగితే అందులో దురుద్దేశం ఉండి తీరాలని లేదు.

మీట ఎవరి చేతిలో ఉండాలి?

అప్‌డేట్ తనంతట తానే అయిపోవాలా, యజమాని సరేనన్నాకే జరగాలా? తనంతట తానే అయితే లోపాలు త్వరగా మూసుకుంటాయి. అడిగితే చాలామంది నొక్కరు. ఇయర్‌ఫోన్ల కథలో మొదట చెప్పిన గొలుసు అక్కడే తెగుతుంది. కానీ 2017 ఆగస్టులో లాక్‌స్టేట్ కంపెనీ తన స్మార్ట్ తాళాలకు దూరం నుంచి అప్‌డేట్ పంపింది. అవి బ్లూటూత్ కాదు, వైఫై తాళాలు. ఒక మోడల్‌కు ఉద్దేశించిన ఫర్మ్‌వేర్ ఇంకో మోడల్‌కు వెళ్లింది. సుమారు 500 తాళాలు అంకెల మీటలతో తెరుచుకోవడం మానేశాయి. ఇళ్లను అద్దెకిచ్చేవాళ్లు తాళం వెనక భాగం విప్పి కంపెనీకి పంపాల్సి వచ్చింది. ఆ ఫర్మ్‌వేర్ కంపెనీదే, సంతకంతో ఆగే తప్పు కాదది. ఏ హార్డ్‌వేర్‌కు ఏ ఫర్మ్‌వేరో పరికరమే సరిచూసి, తనది కాకపోతే కాదనాలి.

వైద్య పరికరాల్లో తూకం ఇంకా సున్నితం. 2017 ఆగస్టులోనే అబాట్ కంపెనీ పేస్‌మేకర్లకు భద్రతా లోపం సరిదిద్దే ఫర్మ్‌వేర్ వచ్చింది. అమెరికాలో 4,65,000 పరికరాలకు వర్తించింది. ఇదీ బ్లూటూత్ కాదు, వేరే రేడియో. కానీ ప్రశ్న అదే. దాన్ని ఇంట్లో వేయనివ్వలేదు. ఆసుపత్రిలో డాక్టర్ ముందు, సుమారు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ పేస్‌మేకర్ నిమిషానికి 67 స్పందనల రిజర్వు పద్ధతిలో నడుస్తుంది. అంతకుముందు అప్‌డేట్‌ల అనుభవం ప్రకారం పరికరం పూర్తిగా పనిచేయకుండా పోయే అవకాశం 0.003 శాతమని ప్రకటించారు. వినడానికి సున్నాలాగే ఉంది. 4,65,000 మందికి లెక్కవేస్తే పద్నాలుగు మంది. దాడి ఎవరికీ జరిగినట్టు అప్పటికి సమాచారం లేదు. అందుకే వేయించుకోవాలా వద్దా అన్నది రోగి, డాక్టర్ కలిసి తేల్చుకోవాలన్నారు. వైద్య పరికరాల తయారీకే కట్టిన మెడ్‌టెక్ జోన్ మన విశాఖలోనే ఉంది. అక్కడ తయారయ్యే రేడియో ఉన్న ప్రతి పరికరానికీ ఈ లెక్క ఎవరో ఒకరు వేయాల్సిందే.

మధ్యేమార్గంగా ఎక్కువమంది వాడేది విడతలవారీ పద్ధతి. మూడు వందల పెట్టెలుంటే ముందు మూడింటికి, వారం చూసి ముప్పైకి, ఆ తరవాతే మిగతావాటికి. మా అర డిగ్రీ తప్పు మూడు పెట్టెల దగ్గర ఆగాల్సింది. మేం ఒకేసారి అన్నిటికీ పంపాం.

ఇయర్‌ఫోన్ దగ్గరికి వస్తే తూకం తేలిక. అది ఆగినా ప్రాణం పోదు. చాలా మోడళ్లు మధ్యలో తెగినా మళ్లీ మొదలుపెట్టగలవు. తెలిసిన లోపాన్ని మూసే అప్‌డేట్ అయితే, రెండు వైపుల బడ్స్‌కూ ఛార్జింగ్ నిండుగా పెట్టి, ఫోన్‌ను పక్కనే ఉంచి నొక్కడమే సబబని నా అభిప్రాయం.

ఎన్నేళ్ల దాకా?

పరికరం పదేళ్లు గోడమీద ఉండొచ్చు. దాని ఫర్మ్‌వేర్‌ను ఎన్నేళ్లు చూసుకుంటారు? మొన్నమొన్నటిదాకా ఇది కంపెనీ ఇష్టం. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్‌కు గానీ నెట్‌వర్క్‌కు గానీ కలిసే వినియోగ వస్తువులు అమ్మేవాళ్లు భద్రతా అప్‌డేట్‌లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో ముందే చెప్పాలి. యూరోపియన్ యూనియన్ సైబర్ రెసిలియెన్స్ చట్టం 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చింది, ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. వస్తువు ఆయుష్షు అంతకంటే తక్కువైతే తప్ప, మద్దతు కనీసం ఐదేళ్లు ఉండాలంటుంది. విశాఖలో తయారుచేసి అక్కడ అమ్మాలనుకునే చిన్న కంపెనీకి కూడా ఇది వర్తిస్తుంది. దాని వెనక ఖర్చు నిజమైనదే. ఐదేళ్లపాటు పాత కోడ్‌ను కట్టగలిగే కంప్యూటర్ ఉండాలి, సంతకం చేసే రహస్య తాళంచెవి పోకుండా, బయటికి పొక్కకుండా ఉండాలి. ఆ తాళంచెవి ఉన్న ల్యాప్‌టాప్ పాడైతే, వేరే కాపీ లేకపోతే, ఫీల్డ్‌లో ఉన్న ఏ పెట్టెకూ ఇక అప్‌డేట్ ఉండదు.

ఒకే రకం పద్ధతి ఉంటే చిన్నవాళ్లకు కొంత బరువు తగ్గేది. బ్లూటూత్ ప్రమాణాల్లో చాలాకాలం ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌కు ఉమ్మడి పద్ధతే లేదు, ఒక్కో చిప్ కంపెనీది ఒక్కో తీరు. 2023 సెప్టెంబరులో వచ్చిన బ్లూటూత్ మెష్ 1.1లో ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి అందిస్తూ పోయే అప్‌డేట్ పద్ధతి చేర్చారు. వందల దీపాలున్న భవనంలో ప్రతి దీపం దగ్గరికీ నిచ్చెన వేయాల్సిన పని తప్పించడమే దాని ఉద్దేశం.

ఆ రోజు ఆరిపోయిన ఎనిమిదో పెట్టెను ఆఫీసుకు తెచ్చాం. దాని బూట్‌లోడర్ బతికే ఉండి ఉండాలి. కానీ అప్‌డేట్ సగంలో తెగి రీసెట్ అయితే, తనంతట తానే మళ్లీ బ్లూటూత్ తెరిచి ఎదురుచూడటం మేం దానికి నేర్పలేదు, ఆ కాస్త స్థలం మిగిల్చామని అప్పట్లో సంతోషించాం. సీలు కోసి, జిగురు గీకి, నాలుగు రాగి చుక్కల మీద తీగలు టంకం వేసి మళ్లీ లేపడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. కోసిన డబ్బా తిరిగి సరిగ్గా మూసుకోలేదు. దాన్ని మళ్లీ ఫ్రీజర్‌లోకి పంపలేదు. ఆ తరవాత తయారైన పెట్టెల్లో బూట్‌లోడర్ అలా బ్లూటూత్ తెరిచి ఎదురుచూస్తుంది, ఆ నాలుగు చుక్కలూ బ్యాటరీ మూత కిందే ఉన్నాయి.